స్టాల్‌కి పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? విశాఖ పాఠకుల ప్రశ్నలకి జవాబులు

గాజువాక, పరవాడ, ఎంవీపీ కాలనీ, ఏటికొప్పాక... ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. ఎగ్జిబిషన్‌కి వెళ్లాలా వద్దా, స్టాల్ పెడితే ఏమైనా వస్తుందా, లేక పరువు కోసం పెట్టే ఖర్చేనా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్ర: మాది ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపు. పంపులకి, వాల్వులకి విడిభాగాలు చేస్తాం, జాబ్ వర్కు (వేరే కంపెనీల డ్రాయింగు ప్రకారం చేసిచ్చే పని) ఎక్కువ. నాన్నగారు మొదట్నుంచీ ఏటా ఏదో ఒక ఇండస్ట్రియల్ ఎక్స్‌పోలో స్టాల్ తీసుకుంటూ వచ్చారు. లెక్కలు నా చేతికొచ్చాక ఆ ఖర్చు చూస్తే టెన్షన్‌గా ఉంది. స్టాల్‌కి వచ్చినవాళ్లలో సగంమంది పెన్నులూ సంచులూ తీసుకుని పోతున్నారు. ఇప్పుడంతా ఫోన్లోనే సప్లయర్లని వెతుక్కుంటున్నారు కదా అని నేనంటే, 'ఒక్క ఏడాది కనపడకపోతే షాపు మూసేశారనుకుంటారురా' అని ఆయన అంటారు. ఎవరిది కరెక్టు?

జ: మీ నాన్నగారు ఆ మాట ఊరికే అనడం లేదండి. ఆయన షాపు పెట్టిన రోజుల్లో కొత్త కస్టమర్‌కి మీ పేరు తెలియాలంటే ఉన్న దారులు చాలా తక్కువ. తెలిసినవాళ్లు చెప్పాలి, లేదా డైరెక్టరీలో కనపడాలి, లేదా ఎగ్జిబిషన్‌లో ఎదురుపడాలి. పర్చేజ్ ఆఫీసరు ఒకాయన హాల్లో నడుస్తూ మీ బల్ల మీదున్న ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) చేతిలోకి తీసుకుని, ఫినిషింగ్ చూసి, కార్డు జేబులో వేసుకుని వెళితే అదే మొదటి పరిచయం. ఆ మొదటి పరిచయం కోసమే స్టాల్ అద్దె కట్టేవాళ్లం. ఇప్పుడు అది హాలుదాకా రాకముందే జరిగిపోతోంది. సప్లయర్లని వెతుక్కునే వెబ్‌సైటు ఇండియామార్ట్ 1996 నుంచి ఉంది, ప్రభుత్వ కొనుగోళ్ల కోసం జెమ్ పోర్టల్ 2016లో వచ్చింది, మీ పనితనం మూడు నిమిషాల వీడియోలో వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. మిమ్మల్ని కనుక్కోవడానికి ఎవరూ బస్సెక్కి ఎక్స్‌పోకి రానక్కర్లేదు. ఇంతవరకు మీరు చెప్పిందే నిజం.

అయితే ఎక్స్‌పోల పని అయిపోయిందని దీన్నిబట్టి తేల్చేయకూడదు. జర్మనీలో హానోవర్ అనే ఊరు ఉంది. అక్కడ ఒకే మైదానంలో రెండు పెద్ద ప్రదర్శనలు జరిగేవి. ఒకటి 1947లో మొదలైన హానోవర్ మెస్సే, యంత్రాలూ పరిశ్రమలకి సంబంధించింది. రెండోది దానిలోంచే పుట్టి 1986లో విడిగా వెళ్లిన సెబిట్, కంప్యూటర్లకి సంబంధించింది. సెబిట్ మంచి ఊపు మీదున్న రోజుల్లో, 2001 ప్రాంతంలో, 8 లక్షలమందికి పైగా వచ్చేవారు. 2018కి ఆ సంఖ్య లక్షా 20 వేల దగ్గరికి పడిపోయింది, అదే ఏడాది నిర్వాహకులు దాన్ని ఆపేశారు. హానోవర్ మెస్సే మాత్రం నడుస్తూనే ఉంది, సెబిట్‌లో పరిశ్రమలకి పనికొచ్చే భాగాలు దాంట్లోకే వెళ్లాయి. ఊరు అదే, హాళ్లు అవే, నడిపే సంస్థ కూడా అదే. కొత్త కంప్యూటర్ గురించి తెలుసుకోవాలంటే తెర మీద చూస్తే చాలు. యాభై లక్షల రూపాయల యంత్రం కొనేవాడు మాత్రం దాని పక్కన నిలబడి, తిరిగేటప్పుడు చప్పుడు విని, 'పాడైతే ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు' అని మనిషి మొహం చూసి అడగాలనుకుంటాడు. అమెరికాలో వీడియో గేముల ప్రదర్శన ఈ3 కూడా సెబిట్ దారిలోనే పోయింది, 2023 డిసెంబరులో దాన్ని శాశ్వతంగా ముగించామని ప్రకటించారు. పెద్ద కంపెనీలు సొంత వీడియో ప్రసారాల్లోనే కొత్త గేములు చూపించుకోవడం మొదలుపెట్టాక ఆ హాలు అవసరం తగ్గిపోయింది. చైనాలో 1957 నుంచి జరుగుతున్న కాంటన్ ఫెయిర్ సంగతి వేరు. 2020లో కోవిడ్ వల్ల మొత్తం ఆన్‌లైన్‌లో నడిపారు, 2023 వసంతంలో మళ్లీ పూర్తిస్థాయిలో హాళ్లు తెరిచారు. తెర మీద పని అయిపోయి ఉంటే అంత ఖర్చుపెట్టి హాళ్లు ఎందుకు తెరుస్తారు?

కాబట్టి ఎక్స్‌పోలు పనికొస్తాయా అని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. మీ కస్టమర్ మీ దగ్గర ముట్టుకుని చూడాల్సింది ఏమిటి, అది ఆ హాల్లోకి తేగలరా అని చూసుకోండి. మీ విషయంలో నా జవాబు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. జాబ్ వర్కు ఇచ్చేవాడు చూడాలనుకునేది మీ బల్ల మీది నాలుగు ముక్కల్ని కాదు. మీ సీఎన్‌సీ మెషిన్లు ఎలా పెట్టుకున్నారు, కొలతలు తీసే పరికరాలకి కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు ఉన్నాయా, రిజెక్ట్ అయిన ముక్కలు ఎక్కడ పెడతారు, మీ దగ్గర ఆపరేటర్లు నిలకడగా ఉంటారా అన్నవి. ఇవేవీ 9 చదరపు మీటర్ల స్టాల్‌లో పట్టవు, ఆటోనగర్‌లో మీ షాపులోనే ఉన్నాయి. అందుకని విశాఖలో ఎక్స్‌పో జరిగే రోజుల్లో స్టాల్ డబ్బులో చిన్న భాగం కారు అద్దెకి పెట్టండి. బయటి ఊళ్ల నుంచి వచ్చిన పర్చేజ్ వాళ్లని, ఇంజినీర్లని ముందే ఫోన్ చేసి పిలిచి, ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ మైదానం నుంచి గాజువాక తీసుకొచ్చి గంటసేపు షాపు చూపించి, మంచి భోజనం పెట్టి మళ్లీ దింపేయండి. ముగ్గురొచ్చినా నష్టం లేదు. ఆ ముగ్గురూ మీ షాపు చూసినవాళ్లు అవుతారు.

ఇంకోటి, మీరు స్టాల్ పెడుతున్న హాల్లో నడిచేది ఎవరు? చాలా ఇండస్ట్రియల్ ఎక్స్‌పోల్లో పక్క స్టాల్ వాడూ మీలాగే అమ్మేవాడు, ఎదురు స్టాల్ వాడూ అమ్మేవాడే. నిర్వాహకులు మీకు అమ్మేది చదరపు మీటర్లు, కస్టమర్లని కాదు. కస్టమర్లు వస్తారో లేదో చూసుకునే బాధ్యత మీదే. బెంగళూరులో జనవరిలో జరిగే ఇమ్‌టెక్స్‌నే తీసుకోండి, దేశంలో మెషిన్ టూల్స్‌కి అంత పెద్ద ప్రదర్శన ఇంకోటి లేదు, కానీ అక్కడికి మీలాంటివాళ్లు వెళ్లేది కొనుగోలుదారుగా. స్టాల్ లేకుండా రైలెక్కి వెళ్లి రెండు రోజులు నడిచి, కొత్త మెషిన్లు చూసి, టూలింగ్ వాళ్లతో మాట్లాడి రండి, అది బంగారంలాంటి ఖర్చు. మీ అసలు కస్టమర్లు హిందుస్థాన్ షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, స్టీల్ ప్లాంటు, భెల్, హెచ్‌పీసీఎల్, ఎన్టీపీసీ సింహాద్రి, వాళ్ల కింద పనిచేసే కాంట్రాక్టర్లు. వీళ్లలో ప్రభుత్వరంగ సంస్థలు ఏటా కొనేదాంట్లో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలని నిబంధన ఉంది, 2018లో 20 శాతం నుంచి పెంచారు. అందుకోసమే వెండర్ డెవలప్‌మెంట్ కార్యక్రమాలు, అంటే కొత్త సప్లయర్లని వెతుక్కునే సమావేశాలు, పెడుతుంటారు. అవి చూడ్డానికి అంత ఆర్భాటంగా ఉండవు, ఒక హాలు, కొన్ని కుర్చీలు, నాలుగు ప్రజెంటేషన్లు. కానీ అక్కడ బల్లకి అవతల కూర్చున్నవాడు కొనేవాడు. పది ఎక్స్‌పోల్లో నిలబడ్డం కంటే అలాంటివి రెండిటికి డ్రాయింగులూ శాంపిళ్లూ పట్టుకుని వెళ్లడం మీకు లాభం.

ఖర్చు సంగతి కూడా తెలిసే ఉంటుంది కానీ మీ నాన్నగారికి చూపించడానికి రాస్తున్నాను. షెల్ స్కీమ్ అంటే నిర్వాహకులే కట్టి ఇచ్చే స్టాల్, మూడు వైపులా ప్యానెళ్లు, కార్పెట్, ఒక బల్ల, రెండు కుర్చీలు, లైట్లు, పైన పేరు బోర్డు, అంతే. కార్నర్ కావాలంటే అదనం, త్రీ ఫేజ్ కరెంటు కావాలంటే అదనం, వీటన్నిటి మీద 18 శాతం జీఎస్‌టీ, అది తర్వాత క్రెడిట్ వచ్చినా ముందు చేతిలోంచి పోవాల్సిందే. మొత్తం ఖర్చులో అద్దె మూడో వంతు దగ్గర ఉంటుందని ఈ రంగంలో అందరూ వేసుకునే లెక్క. మిగతాది రవాణా, బ్రోచర్లు, లాడ్జి, భోజనాలు, అన్నిటికంటే పెద్దది ఆ నాలుగు రోజులు మీరూ మీ మంచి ఆపరేటరూ షాపులో లేకపోవడం. అది ఎవరూ రాసుకోరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ ప్రొక్యూర్‌మెంట్ అండ్ మార్కెటింగ్ సపోర్ట్ పథకం కింద స్టాల్ అద్దెలో కొంత వెనక్కి ఇస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ యజమానులకి ఆ శాతం ఎక్కువ. కాకపోతే పథకంలో ఆమోదం పొందిన ప్రదర్శన అయి ఉండాలి, దరఖాస్తు ముందే చేసుకోవాలి, అయిపోయాక బిల్లులు పట్టుకెళ్తే పని జరగదు.

ఇక మీ నాన్నగారి భయం. కనపడకపోతే మూసేశారనుకుంటారన్నది కొత్త కస్టమర్ల గురించి అన్న మాట కాదు, పాతవాళ్ల గురించి. అది నిజమైన భయమే, నేను తీసిపారేయను. పాత కస్టమర్‌కి మీరు బతికే ఉన్నారని తెలియడానికి స్టాల్ చాలా ఖరీదైన దారి, అంతే. ఆయన్నే ఈ ఏడాది ఎక్స్‌పోకి విజిటర్‌గా తీసుకెళ్లండి. మీకు తెలియని వందమంది మొహాలు ఆయనకి తెలుసు. హాల్లో మీరిద్దరూ కలిసి నడుస్తూ ఆయన పలకరించి, మిమ్మల్ని 'మా అబ్బాయి, ఇప్పుడు షాపు వీడే చూస్తున్నాడు' అని పరిచయం చేస్తే, స్టాల్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నదానికంటే ఎక్కువమందికి తెలుస్తుంది షాపు నడుస్తోందని.

ప్ర: పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో సేల్స్‌లో చేస్తున్నాను. ఎగ్జిబిషన్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఎంతమంది విజిటర్ల బ్యాడ్జిలు స్కాన్ చేశావు, నెలలో ఎన్ని ఆర్డర్లొచ్చాయి అని మా బాస్ అడుగుతారు. స్కాన్లు వందల్లో ఉంటాయి, ఆర్డర్లు సున్నా. వచ్చే ఏడాది వెళ్లడమే ఆపేద్దామంటున్నారు. ఏం చెప్పమంటారు?

జ: ఆ రెండు లెక్కలూ తప్పే. స్కాన్ చేసిన బ్యాడ్జి ఒక పేరు మాత్రమే. అందులో సగంమంది చాక్లెట్ కోసం ఆగినవాళ్లు, ఇంకొంతమంది మీకే ఏదో అమ్మడానికొచ్చినవాళ్లు. నెలలో ఆర్డరు అన్న కొలత మందుల ముడిసరుకు వ్యాపారంలో అసలు కుదరదు, ఇది మీ బాస్‌కి మీకంటే బాగా తెలిసి ఉండాలి. కొనేవాడు శాంపిల్ తీసుకుంటాడు, సొంత ల్యాబులో పరీక్షిస్తాడు, డ్రగ్ మాస్టర్ ఫైల్ (ముడిసరుకు తయారీ వివరాల ఫైలు) అడుగుతాడు, ప్లాంటు ఆడిట్‌కి వస్తాడు, ఆ తర్వాత స్టెబిలిటీ బ్యాచ్‌లు, అంటే సరుకు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూసే పరీక్షలు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. గ్రేటర్ నోయిడాలో జరిగే మందుల పరిశ్రమ ప్రదర్శన సీపీహెచ్‌ఐ ఇండియాలో నవంబరులో కలిసినవాడు డిసెంబరులో ఆర్డరిస్తాడని చూస్తే ఏ ఎగ్జిబిషనూ పాసవదు.

ఆయన ముందు వేరే లెక్క పెట్టండి. ఎంతమంది శాంపిల్ అడిగారు, ఎంతమంది ఆడిట్ తేదీ మాట్లాడారు, మీ పాత కస్టమర్లలో ఎంతమందిని ఆ మూడు రోజుల్లో కలిశారు. ఈ చివరిది చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. వేర్వేరు ఊళ్లలో, దేశాల్లో ఉన్న పదిమంది కస్టమర్లని విడివిడిగా వెళ్లి కలవాలంటే విమానం టికెట్లు, హోటళ్లు, మీ నెల రోజుల సమయం. ఎగ్జిబిషన్ వాళ్లందర్నీ మూడు రోజులు ఒకే కప్పు కిందకి తెస్తోంది. నా ఉద్దేశంలో ఇప్పుడు పెద్ద ప్రదర్శనల విలువలో సగానికి పైగా ఇందులోనే ఉంది. కాకపోతే అది దానంతట అది జరగదు. ప్రదర్శనకి నెల ముందే కూర్చుని ఎవరెవరు వస్తున్నారో కనుక్కుని, అరగంట అరగంట చొప్పున టైము తీసుకోవాలి. అపాయింట్‌మెంట్ల డైరీ ఖాళీగా పెట్టుకుని వెళ్లినవాళ్లకి బ్యాడ్జిలే మిగులుతాయి.

స్కాన్ చేసిన ప్రతిసారీ వెంటనే రెండు ముక్కలు రాసుకోండి, ఈయన ఏం అడిగాడు, మనం ఏం ఇస్తామన్నాం అని. వచ్చిన వారంలోపే ఆ మాట నిలబెట్టుకోండి, శాంపిలైతే శాంపిల్, కాగితమైతే కాగితం. నేను చూసినంతలో ఎగ్జిబిషన్ డబ్బు ఎక్కువగా ఇక్కడే కారిపోతుంది. స్టాల్‌లో బాగా మాట్లాడతారు, ఊరొచ్చాక పేరుకుపోయిన పనిలో పడి మూడు వారాల తర్వాత అందరికీ ఒకే మెయిల్ పంపుతారు, అప్పటికి అవతలివాడికి మీ మొహం కూడా గుర్తుండదు. మీ బాస్ ఆపేద్దామంటే ఆపేముందు ఒక్క ఏడాది ఇలా చేసి, ఆర్డర్లని పన్నెండు నెలల తర్వాత లెక్కపెట్టమనండి.

ప్ర: మా అన్నయ్యకి రొయ్యల ఎగుమతి యూనిట్ ఉంది, అకౌంట్లు నేను చూస్తాను. ఏటా మార్చిలో బోస్టన్ సీఫుడ్ షోకి వెళ్తాడు. అమెరికా సుంకాలు పెంచాక అక్కడికి వెళ్లడం దండగ, ఆ డబ్బు ప్లాంటులో పెట్టండని మా వదిన. కొనేవాళ్లని వదిలేస్తే మళ్లీ దొరకరని అన్నయ్య. ఇంట్లో రోజూ ఇదే చర్చ. మీరేమంటారు?

జ: మీ వదినగారి బాధ అర్థమవుతుంది. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్లింది, రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకాలు (మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని వేసేవి), కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు (ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసేవి) దాని మీద అదనం. మన రాష్ట్రం రొయ్యలకి అమెరికాయే పెద్ద మార్కెట్ కాబట్టి దెబ్బ నేరుగా చెరువు గట్టుదాకా వచ్చింది. ఆ రేట్లు ఆ తర్వాత మారాయి, మళ్లీ ఎప్పుడెలా మారతాయో ఎవరి చేతుల్లోనూ లేదు. ఆ ఒక్క మార్కెట్‌నే నమ్ముకుని ఏటా అదే హాలుకి వెళ్లడం సరి కాదన్నంతవరకు ఆవిడ మాటే నా మాట.

కానీ ఎగ్జిబిషన్లు ఇంకా బాగా పనిచేస్తున్న రంగాల్లో సీఫుడ్ ఒకటి. అది మానేయమని నేను చెప్పలేను. సరుకుని రుచి చూడాలి, గ్లేజింగ్ (రొయ్య మీది మంచు పూత) ఎంత ఉందో కరిగించి చూడాలి, కౌంట్ (బరువుకి ఎన్ని రొయ్యలన్నది) సరిపోయిందో లేదో లెక్కపెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, కంటైనర్ బయల్దేరాక డబ్బులొచ్చేదాకా మధ్యలో ఉండేది నమ్మకమే, అది మనిషిని చూడకుండా కుదరదు. ధర పడిపోతే సరుకు రిజెక్ట్ చేసే బయ్యరు ఎవరో, కష్టంలో కూడా మాట మీద నిలబడేవాడు ఎవరో ఆ హాళ్లలో, ఆ పక్క హోటళ్ల లాబీల్లో మిగతా ఎగుమతిదారులతో మాట్లాడితే తెలుస్తుంది. ఏ వెబ్‌సైటులోనూ ఇది రాయరు.

అందుకని నేనైతే బోస్టన్‌కి స్టాల్ లేకుండా మీ అన్నయ్య ఒక్కడే వెళ్లి ఉన్న బయ్యర్లని కలిసి రమ్మంటాను, స్టాల్ డబ్బు బార్సిలోనా వైపు మళ్లించమంటాను. సీఫుడ్ ఎక్స్‌పో గ్లోబల్ ఇదివరకు బ్రస్సెల్స్‌లో జరిగేది, 2022 నుంచి బార్సిలోనాలో జరుగుతోంది, యూరప్‌వాళ్లే కాదు, అన్ని దేశాల బయ్యర్లూ వస్తారు. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మన దేశంలో మరో 102 యూనిట్లకి ఎగుమతి అనుమతి ఇచ్చింది. మీ యూనిట్‌కి ఆ అనుమతి ఉందా అన్నది ముందు చూసుకోండి, లేకపోతే బార్సిలోనాలో ఎంత అందమైన స్టాల్ పెట్టినా యూరప్ బయ్యరు మొదటి ప్రశ్నకే లేచి వెళ్లిపోతాడు. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షల రిపోర్టులు, చెరువు నుంచి ప్లాంటు దాకా ట్రేసబిలిటీ కాగితాలు ఫోల్డరులో సిద్ధంగా ఉండాలి. మీరు జపాన్‌కి పంపే సరుకు చేయగలిగితే ఆగస్టులో టోక్యో సీఫుడ్ షో కూడా ఉంది, చిన్నదే గానీ అడిగేవాళ్లు నాణ్యతకి డబ్బిస్తారు.

విడిగా స్టాల్ అద్దె భరించలేకపోతే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా తీసుకునే ఉమ్మడి స్టాల్లో, అంటే పెవిలియన్‌లో, చోటు అడగండి. అందులో చాలామంది మధ్య ఒకరిగా ఉంటాం కాబట్టి మీ అన్నయ్య మొహమాటపడొచ్చు, కానీ బయ్యర్లు ఇండియా పెవిలియన్‌కి వెతుక్కుంటూ వస్తారు. ఎంపెడా, సీఫుడ్ ఎగుమతిదారుల సంఘం కలిసి మన దేశంలోనే ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షో నడుపుతాయి, 2016 సెప్టెంబరులో మన విశాఖలోనే జరిగింది. అలాంటిది మళ్లీ మన చుట్టుపక్కలకి వస్తే మాత్రం వదలకండి. విదేశీ బయ్యరు హాలు నుంచి మీ ప్లాంటుకి ఒక పూటలో వచ్చి వెళ్లగలడు, అది బోస్టన్‌లో ఎంత ఖర్చుపెట్టినా దొరకదు.

మీ వదినగారికి ఒక మాట చెప్పండి. ప్లాంటులో పెట్టాలన్న ఆవిడ ఆలోచన, బయట తిరగాలన్న ఆయన ఆలోచన రెండూ ఒక చోట కలుస్తాయి. ఉడికించినవి, బ్రెడ్ పూత పూసినవి లాంటి విలువ పెంచిన సరుకు చేసే లైను పెట్టుకుంటే స్టాల్‌లో అక్కడికక్కడ వేయించి తినిపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. బ్లాకులో గడ్డకట్టిన రొయ్య ప్రతి స్టాల్‌లోనూ ఒకలాగే కనిపిస్తుంది, అక్కడ ధర తప్ప మాట్లాడుకోడానికి ఏమీ ఉండదు.

ప్ర: ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కుటుంబాల సరుకు అమ్మిపెడుతుంటాను. శిల్పారామంలో, డ్వాక్రా బజార్లలో స్టాల్ పెడితే అమ్ముడవుతాయి. పెద్ద ట్రేడ్ ఫెయిర్‌కి వెళ్తే అంతా చూసి, ఫొటోలు తీసుకుని పోయారు, ఒక్క బొమ్మ కొనలేదు. మాలాంటివాళ్లకి అవి పనికిరావా అండీ?

జ: పనికొస్తాయమ్మా, కానీ అక్కడికి బొమ్మలు అమ్మడానికి వెళ్లకూడదు. శిల్పారామానికి వచ్చేవాళ్లు ఇంటికి ఒకటి కొనుక్కుంటారు. ట్రేడ్ ఫెయిర్‌కి వచ్చేది షాపువాళ్లు, ఎగుమతిదారులు. వాళ్లు ఒక్క బొమ్మ కొనరు, ఐదు వందలు కావాలంటే ఎన్నాళ్లలో ఇస్తారని అడుగుతారు. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి గ్రేటర్ నోయిడాలో ఏటా రెండుసార్లు పెట్టే ఐహెచ్‌జీఎఫ్ ఢిల్లీ ఫెయిర్ పూర్తిగా అలాంటిదే, హోల్‌సేల్ ఆర్డర్ల కోసమే.

వెళ్లేముందు ఒక కాగితం తయారుచేసుకోండి. ఒక్కో బొమ్మకి నంబరు, కొలత, హోల్‌సేల్ ధర, కనీసం ఎన్ని తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వగలరు. అంకుడు కర్ర దొరకడం సీజన్‌ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ రోజుల లెక్క నిజాయితీగా వేయండి, ఒప్పుకుని ఇవ్వలేకపోతే ఆ షాపు మళ్లీ మీ వైపు చూడదు. మీ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ కాగితం స్టాల్‌లో పైన కనపడేలా పెట్టండి. చెట్ల నుంచి తీసిన సహజ రంగులని బోర్డు మీద రాస్తే చాలదు, విదేశీ షాపులు పిల్లల బొమ్మలకి ల్యాబ్ రిపోర్టు అడుగుతాయి, చేయించి పెట్టుకోండి. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరైనా, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసే వాటికి మినహాయింపు ఉంది. కొనేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక భయపడి వెనక్కి తగ్గుతారు. కళాకారుల గుర్తింపు కార్డుల కాపీలు దగ్గర పెట్టుకుంటే ఆ భయం అక్కడే తీర్చేయొచ్చు.

మొదటిసారి స్టాల్ తీసుకోకుండా ఒక రోజు సంచిలో పది శాంపిళ్లు వేసుకుని తిరిగి రండి. మీకు సరిపోయే హాలు ఏదో, మీలాంటి సరుకు ఎంతకి అడుగుతున్నారో తెలుస్తుంది. శిల్పారామం మాత్రం మానొద్దు, నెలవారీ డబ్బు అక్కడే ఉంది.

ప్ర: నేను మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. మన ఊళ్లో ఎక్స్‌పో జరిగితే మాలాంటివాళ్లు వెళ్లి లాభం ఉంటుందా? కిందటిసారి వెళ్తే ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

జ: తప్పకుండా వెళ్లు బాబూ. నువ్వు వెళ్లింది బహుశా మొదటి రోజో, మధ్యాహ్నం రద్దీలోనో అయ్యుంటుంది. ఆ సమయంలో స్టాల్ వాళ్లు కస్టమర్ల కోసం ఎదురుచూస్తుంటారు, విద్యార్థిని చూసి మొహం తిప్పుకుంటారు, వాళ్లనీ తప్పుపట్టలేం. ఆఖరి రోజు లంచ్ తర్వాత వెళ్లు. బయ్యర్లు వెళ్లిపోయి ఉంటారు, ఇంజినీర్లు ఖాళీగా కూర్చుని ఉంటారు, మెషిన్లు ప్యాక్ చేయడానికి ఇంకా గంటలు ఉంటుంది. 'మీ కంపెనీలో ఉద్యోగాలున్నాయా' అని మొదలుపెట్టకు. ఒక మెషిన్ దగ్గర నిలబడి దాని గురించి ఒక మంచి ప్రశ్న అడుగు, ఈ స్పిండిల్ ఎందుకిలా పెట్టారు, ఈ కూలెంట్ ఎందుకు వాడుతున్నారు అని. తన పని గురించి అడిగితే చెప్పని ఇంజినీరు అరుదు. వెళ్లేముందు ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకో, కొన్ని ప్రదర్శనలకి విద్యార్థుల్ని ఫలానా రోజే రానిస్తారు, గేటు దగ్గర తెలిస్తే రోజంతా పోతుంది. ఎవరితో మాట్లాడావో వాళ్ల పేరు, ఏం చెప్పారో రాసుకుని, రెండు రోజుల్లో ఆ సంగతి ప్రస్తావిస్తూ లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టు. ఇంటర్న్‌షిప్ అడగాలనుకుంటే ఆ మెసేజ్‌లో అడుగు.